సర్పి మానింది, మంట మానలేదు

"పుండు మానింది గదా, ఇంకేంది నొప్పి?" సర్పి (ఇంగ్లీషులో షింగిల్స్ అనే పొక్కుల జబ్బు) లేచి తగ్గిన పెద్దవాళ్లకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంట్లోవాళ్ల నుంచి ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవాళ్ల తప్పు కూడా కాదు. పొక్కులు ఎండాయి, చెక్కులు రాలాయి, నడుం చుట్టూ నాలుగు నల్లమచ్చలు తప్ప కంటికి కనపడేది లేదు. కానీ ఆ మచ్చల మీద పంచె ముడి ఆనితే ప్రాణం జివ్వుమంటుంది. జాకెట్టు అంచు రాసుకుంటే గాజుపెంకుతో గీసినట్టు ఉంటుంది. ఫ్యాను గాలి తగిలినా కారం చల్లినట్టే. మే నెలలో, ఒంగోలు ఎండల్లో, ఫ్యాను ఆపుకుని చొక్కా లేకుండా గోడవైపు తిరిగి కూర్చున్న పెద్దాయన్ని చూస్తే వేరే పరీక్షలేమీ అక్కర్లేదు, జబ్బేదో తెలిసిపోతుంది.

డాక్టర్లు దీన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. సర్పి లేచిన రోజు నుంచి లెక్కపెట్టి 90 రోజులు దాటాక కూడా నొప్పి ఉంటే ఆ పేరు పెడతారు. మన ఊళ్లలో మాత్రం దీన్ని 'నరాల బలహీనత' కింద జమ కట్టేస్తారు. నా పేచీ ఆ పేరుతోనే. బలహీనత అన్నాక ఎవరికైనా బలం మందే గుర్తొస్తుంది. అక్కడి నుంచి ఎర్ర రంగు సూదులు, బి కాంప్లెక్సు మాత్రలు, టానిక్కులు, తైలాలు వరుసగా వస్తాయి. ఆరు నెలలు గడుస్తాయి, డబ్బూ పోతుంది. నొప్పి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

జరిగేదేంటో ముందు చూద్దాం. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గినప్పుడు ఆ వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు. వెన్నుపాము పక్కన, ఒక్కో నరం మొదట్లో ఉండే ముడిలోకి వెళ్లి దాక్కుంటుంది. ఏ యాభై, అరవై ఏళ్లకో ఒంట్లో కాపలా సడలినప్పుడు ఏదో ఒక ముడిలో నిద్రలేచి, ఆ నరం వెంటే చర్మం దాకా పాకుతుంది. అందుకే సర్పి ఒంటికి ఒక పక్కనే, పట్టీ వేసినట్టు లేస్తుంది. ఆటలమ్మ వైరసే మళ్లీ సర్పిగా లేస్తుందని 1965లో గట్టిగా వాదించినవాడు ఎడ్గర్ హోప్ సింప్సన్. ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్నంలో మామూలు ప్రాక్టీసు డాక్టరాయన. ఏళ్ల తరబడి తన దగ్గరికొచ్చిన కేసులను ఓపికగా రాసి పెట్టుకుని ఆ మాట తేల్చాడు.

వైరస్ పాకిన దారిలో నరం దెబ్బతింటుంది. కొన్ని పోగులు చచ్చిపోతాయి. మిగిలినవి ఎవరూ తట్టకుండానే వాటంతట అవే సంకేతాలు కొడుతూ ఉంటాయి. ఇది కొన్ని నెలలు సాగేసరికి వెన్నుపాములో ఆ సంకేతాలను అందుకునే కణాలు కూడా అతిగా స్పందించడం నేర్చుకుంటాయి. మామూలు స్పర్శ కూడా అక్కడ నొప్పిగా నమోదవుతుంది. రొయ్యల గుంట గట్టు మీద మోటారు స్టార్టరు డబ్బాలో తడి చేరితే, బటన్ ఎవరూ నొక్కకుండానే అది టకటకమని కొట్టుకుంటుంది. దాన్ని బాగు చేయడానికి ఇంకో ఫేజు కరెంటు ఎక్కించేవాడు ఉండడు. దెబ్బతిన్న నరం కథ కూడా అంతే. అది నీరసపడి పడుకోలేదు, అదుపు తప్పి మోగుతోంది. కావాల్సింది దాన్ని సద్దుమణిగించే మందు.

బలం సూదిలో సాధారణంగా ఉండేది బి12, దాని తోటి విటమిన్లు. ఒంట్లో బి12 నిజంగా తక్కువైనప్పుడు అది బంగారంలాంటి మందు. రక్తపరీక్షలో తేలితే తప్పకుండా వేయించుకోవాలి. సర్పి తర్వాతి మంటకు కారణం బి12 లోటు కాదు కనుక, ఒక్క ఆ సూదినే నమ్ముకుని కూర్చుంటే కాలం వృథా అవుతుంది.

సర్పి వచ్చినవాళ్లందరికీ ఈ నొప్పి మిగలదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం నూటికి 10 నుంచి 18 మందికి మిగులుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. పొక్కులు లేవకముందే నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లకి, పొక్కులు దట్టంగా లేచినవాళ్లకి, కంటి వైపు లేచినవాళ్లకి మరీ ఎక్కువ. అంటే 65 ఏళ్ల మనిషికి రాత్రంతా నిద్ర పట్టనంత పోటుతో సర్పి మొదలైతే, అది పుండు మానితే అయిపోయే జబ్బని ఇంట్లో ఎవరూ అనుకోకూడదు.

ఇక మొదటి మూడు రోజుల సంగతి. ఎక్కువ నష్టం జరిగిపోయేది అక్కడే.

పొక్కు కనపడటానికి రెండు మూడు రోజుల ముందే నొప్పి మొదలవుతుంది. ఛాతీకి ఎడమ పక్కన వస్తే గుండె అనుకుని ఈసీజీ తీయిస్తారు, అది తీయించాల్సిందే. కుడి పక్క డొక్కలో వస్తే పిత్తాశయంలో రాళ్లేమోనని స్కానింగు. నడుం పక్కన వస్తే కిడ్నీ రాయి అని మరో స్కానింగు. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాక 'గ్యాస్' అని తేల్చి పంపుతారు. ఒక పక్కనే పట్టీలా మంట, పోటు ఉండి, రిపోర్టుల్లో ఏమీ తేలకపోతే, ఆ మనిషి నాలుగైదు రోజులపాటు పొద్దున్నే స్నానం చేసేటప్పుడు అక్కడి చర్మాన్ని ఇంకొకరి చేత వెలుతురులో చూపించుకోవాలి. వీపు ఎవరికీ తనంతట తాను కనపడదు. ఎర్రగా కందిన చోట, గుంపుగా, ఆవగింజలంత నీటి పొక్కులు కనపడిన గంట నుంచి గడియారం చూసుకోవాలి. 72 గంటల లోపల వైరస్ మందు మొదలైతేనే దాని పూర్తి ఫలితం దక్కుతుంది. గడువు దాటినా కొత్త పొక్కులు ఇంకా లేస్తుంటే, కంటి దగ్గర ఉంటే, డాక్టర్లు మందు మొదలుపెడతారు. మూడు రోజులు దాటిపోయాయి కదా అని ఇంట్లోనే ఆగిపోకూడదు.

ఆ 72 గంటలూ మన దగ్గర పోయేది జేగురు (ఎర్రమట్టి) పూతకు. సర్పి అనే పేరులోనే పాము ఉంది. పూర్వం ఏ పామునో తొక్కిన దోషమనీ, తలా తోకా కలిస్తే మనిషి దక్కడనీ నమ్మకం. అందుకని మంత్రం వేసేవాళ్ల దగ్గర జేగురుతో బొమ్మ గీయించుకుని, పథ్యం పట్టి, మూడు పూటలు పూయించుకుంటారు. పది రోజుల తర్వాత పొక్కులు ఎండుతాయి. పేరు జేగురుకు వస్తుంది. అసలు సంగతేంటంటే ఆ పొక్కులు ఏ పూతా లేకపోయినా 7 నుంచి 10 రోజుల్లో చెక్కు కట్టి, రెండు నుంచి నాలుగు వారాల్లో మానతాయి. నాలుగో నెలలో మంటతో నిద్ర పట్టనప్పుడు జేగురు పూసిన మనిషి దగ్గరికి ఎవరూ తిరిగి వెళ్లరు. అప్పటికి దాని పేరు సర్పి కాదు, 'వాతం' అయిపోయి ఉంటుంది. అందుకే ఊళ్లో ఆ వైద్యం ఎప్పుడూ ఓడిపోయినట్టు లెక్క తేలదు.

తలా తోకా కలవకపోవడానికి కారణం కూడా చెప్పాలి. ఒంటికి కుడి పక్క నరం వేరు, ఎడమ పక్క నరం వేరు. ఒక నరంలో లేచిన వైరస్ సాధారణంగా నడిమధ్య గీత దగ్గర ఆగిపోతుంది. అది గీత దాటి ఒళ్లంతా పాకిందంటే రోగనిరోధక శక్తి బాగా పడిపోయిందని అర్థం. అప్పుడు ఆస్పత్రిలో చేర్చి సెలైన్లో మందు ఎక్కించాలి. ముప్పై, నలభై ఏళ్ల లోపు వాళ్లకి సర్పి లేస్తే ఒకసారి హెచ్ఐవీ పరీక్ష చేయించడం మంచిది. దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు.

పుట్టలో పాలు పోయడం మీద నాకు తగాదా ఏమీ లేదు. పొద్దున పాలు పోసి, అదే బస్సులో డాక్టరు దగ్గరికి వెళ్లండి. పుండు మీద జేగురు మాత్రం వద్దు. ఆరిన మట్టి పగిలి పొక్కుకు అతుక్కుంటుంది, ఒలిస్తే చర్మం కూడా లేచి వస్తుంది, ఆ దారిన చీము పడుతుంది. శుభ్రమైన నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, పలచటి నూలుగుడ్డ కప్పితే చాలు. చెక్కు కట్టేదాకా ఆటలమ్మ పోయనివాళ్లు, ముఖ్యంగా కాన్పుకొచ్చిన కూతురు, నెలల పిల్లలు దూరంగా ఉండాలి. వాళ్లకి అంటేది సర్పి కాదు, ఆటలమ్మ.

వైరస్ మందు పేరు చాలామందికి తెలుసు, మోతాదు దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఎసైక్లోవిర్ అయితే 800 మిల్లీగ్రాములు, రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. మొత్తం 35 మాత్రలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నప్పుడు తరచూ చేతికొచ్చేది 400 మాత్ర, అది కూడా మూడు పూటలు, ఐదు రోజులు. పెదవి మీద పొక్కుకు సరిపోయే లెక్క అది, సర్పికి చాలదు. రోజుకు ఐదుసార్లు గుర్తుండదనుకుంటే వాలాసైక్లోవిర్ ఉంది, ఒక గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు. ఫామ్‌సైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు కూడా రోజుకు మూడుసార్లే. ఎసైక్లోవిర్ ట్యూబు మాత్రమే కొనుక్కుని పైపైన పూసుకుంటే లోపల నరంలో ఉన్న వైరస్‌కు అది అందదు. ట్యూబు చేతిలో ఉంది కనుక మందు వాడుతున్నామన్న ధీమా ఒకటి వచ్చేస్తుంది, ఈలోగా మూడు రోజులు గడిచిపోతాయి.

ఆర్ఎంపీ దగ్గర ఇచ్చే 'సెట్టు' గురించి ఒక మాట. కాగితంలో చుట్టి రెండు పూటలకు నాలుగేసి మాత్రలు ఇస్తారు. అందులో ఒకటి డైక్లోఫెనాక్‌లాంటి నొప్పి మాత్ర, ఒకటి గ్యాస్ మాత్ర, చాలాసార్లు ఒక స్టీరాయిడ్ కూడా. స్టీరాయిడ్ పడిన రోజు ఎక్కడలేని హుషారు వస్తుంది. కానీ తర్వాత మిగిలే నరాల నొప్పిని అది ఆపదు. షుగరున్న మనిషికి షుగరు ఎగబాకుతుంది. పక్కన వైరస్ మందు లేకుండా స్టీరాయిడ్ ఒక్కటే ఇవ్వడం వైరస్‌కు దారి తెరిచినట్టే. పల్లెలో అర్ధరాత్రి పలికేది ఆర్ఎంపీ ఒక్కడే, నిజమే. అందుకే ఆయనకు రెండే రెండు ముక్కలు తెలిస్తే చాలు: సర్పి కనపడితే 72 గంటలు, ముక్కు కొన మీద పొక్కుంటే అదే రోజు కంటి డాక్టరు. ముక్కు కొనకూ కంటికీ వెళ్లేది ఒకే నరం కొమ్మ, అందుకని అక్కడ పొక్కు లేచిందంటే కన్ను కూడా ప్రమాదంలో ఉన్నట్టు.

ఇప్పుడు నొప్పి మిగిలిపోయినవాళ్ల సంగతి. ఈ నొప్పి మూడు రకాలుగా ఉంటుంది, డాక్టరుకు మూడూ విడివిడిగా చెప్పాలి. ఒకటి, పొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఎప్పుడూ ఉండే మంట. రెండు, ఉన్నట్టుండి సూది దింపినట్టు, కరెంటు కొట్టినట్టు వచ్చిపోయే పోటు. మూడు, గుడ్డ తగిలినా గాలి తగిలినా రేగే నొప్పి. "ఒళ్లంతా ఒకటే నొప్పులు" అని కలిపి చెప్తే, మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి అందులో కలిసిపోయి, చీటీలో మళ్లీ నొప్పి మాత్రే రాస్తారు. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగిన పెద్దవాళ్లకి ఎముకల నొప్పులు ముందే ఉంటాయి కనుక ఈ కలగాపులగం మరీ ఎక్కువ. ఎక్కడ నొప్పో మాటల్లో చెప్పేకంటే చొక్కా ఎత్తి వేలితో గీత గీసి చూపించడం మేలు.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్‌లాంటివి వాపు వల్ల వచ్చే నొప్పికి పనిచేస్తాయి. ఇక్కడ వాపు లేదు. నరం మోగుతోంది. నెలల తరబడి అవి మింగితే నొప్పి తగ్గదు సరికదా, కడుపు, కిడ్నీ రెండూ దెబ్బతింటాయి.

నరం మోతను తగ్గించే మందులు మూడు రకాలు బాగా వాడుకలో ఉన్నాయి: గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ఒక జాతి, అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ ఇంకో జాతి, మూడోది డులాక్సెటిన్. వీటిలో మొదటిది ఫిట్స్ మందుగా, మిగిలిన రెండూ డిప్రెషన్ మందులుగా పుట్టాయి. ఇంట్లో కొడుకో కోడలో ఫోన్లో వెతికి "ఇది పిచ్చికి వాడే మందంట" అనగానే స్ట్రిప్పు కిటికీలో పడిపోతుంది. మెదడులో సంకేతాలను తగ్గించే మందు వెన్నుపాములో కూడా తగ్గిస్తుంది, నొప్పికి రాసేది అందుకే. అమిట్రిప్టిలిన్ జాతి అయితే డిప్రెషన్‌కు వాడే మోతాదులో చిన్న ముక్కతోనే ఇక్కడ పని జరుగుతుంది. ఈ రెండు వాక్యాలు చీటీ రాసేటప్పుడే డాక్టరు చెప్తే సగం మంది మందు మానరు. చెప్పరు. నా ఫిర్యాదల్లా అదే.

ఇక రెండో పొరపాటు, చాలీచాలని మోతాదు, చాలీచాలని రోజులు. గాబాపెంటిన్ 300 రాత్రిపూట ఒకటి, పది రోజులు వేసుకుని "పనిచేయలేదు" అని పక్కన పెట్టేస్తారు. ఆ మందు మొదటి రోజు 300 ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు, అక్కడి నుంచి నొప్పినీ తూలునూ చూసుకుంటూ రోజుకు 1800 దాకా పెంచుకుపోయేది. బాగా పెద్దవాళ్లకి 100తో మొదలుపెట్టి ఇంకా నిదానంగా ఎక్కిస్తారు. పేగు ఒక్కసారిగా కొంత మందునే పీల్చగలదు కనుక, మూడు మాత్రలూ కలిపి రాత్రికి వేసుకుంటే మూడింతలు పనిచేయదు; మూడు పూటలకు విడగొట్టాల్సిందే. కడుపు మంటకు తాగే తెల్లటి యాంటాసిడ్ సిరప్ దీనిని పీల్చుకోనివ్వదు, రెండింటి మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. ప్రీగాబాలిన్‌కు ఈ పీల్చుకునే చిక్కు లేదు. 75 మిల్లీగ్రాములు రెండు పూటలు సాధారణ మొదలు, పెద్దవాళ్లకి రాత్రిపూట 25 లేదా 50తో.

అమిట్రిప్టిలిన్ చవకైన మందు, పాత మందు. రాత్రి పడుకోవడానికి రెండు గంటల ముందు 10 మిల్లీగ్రాములతో మొదలు. వారానికి 10 చొప్పున పెంచుతారు. ముందుగా వేసుకుంటే పొద్దున లేవగానే మత్తు అంత ఉండదు. నోరు ఎండటం, మలబద్ధకం మామూలే. ప్రోస్టేటు వాపున్న మగవాళ్లకి మూత్రం బిగుసుకుపోవచ్చు, నీటికాసులు అనే కంటి జబ్బు ఉంటే ప్రమాదం, గుండె జబ్బున్నవాళ్లు ఈసీజీ తీయించకుండా మొదలుపెట్టకూడదు. 2015లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష ప్రకారం నరాల నొప్పులున్న దాదాపు నలుగురికి ఈ జాతి మందిస్తే, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అదనంగా ఒకరికి నొప్పి సగానికి పడిపోతుంది. ప్రీగాబాలిన్ అయితే సుమారు ఎనిమిది మందికి ఒకరు. ఈ అంకెలు చూసి నిరాశపడక్కర్లేదు, ఒకటి పనిచేయకపోతే రెండోది, చిన్న మోతాదుల్లో రెండూ కలిపి, ఇలా వెతుక్కుంటూ పోవడమే ఈ వైద్యం. పదహారణాల నొప్పి ఎనిమిదణాలకు దిగి, రాత్రి నాలుగు గంటలు కునుకు పడితే మందు గెలిచినట్టే లెక్క. పూర్తిగా పోలేదని మానేసినవాళ్లు మళ్లీ పదహారణాలకే వస్తారు.

గోడ మీద క్యాలెండరుంటుంది కదా, అదే చాలు. రోజూ రాత్రి ఆ తేదీ గడిలో నొప్పి ఎన్ని అణాలో, ఎన్ని గంటలు నిద్రో రెండు అంకెలు రాయాలి. మోతాదు పెంచిన రోజు చుట్టూ సున్నా చుట్టాలి. సరైన మోతాదుకు చేరాక కనీసం నాలుగు వారాలు, అమిట్రిప్టిలిన్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు చూశాకే అది పనిచేసిందో లేదో తేల్చాలి. డాక్టరు దగ్గర "ఏం తగ్గలేదు సార్" అనే పెద్దమ్మ క్యాలెండర్లో 14 కాస్తా 9 అయి ఉండటం మామూలు విషయం.

ఈ మందులతో మన జిల్లాల్లో నాకు ఎక్కువ భయం కిడ్నీ దగ్గర. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ రెండూ మార్పు లేకుండా మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీ నీరసిస్తే అవి ఒంట్లోనే పోగుపడి మత్తు, తూలు, కాళ్లు అదరడం, మాట తడబడటం మొదలవుతాయి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చూపే కొలత) 1.4 అని రిపోర్టు వస్తే "కొంచెమే ఎక్కువ" అంటారు. ఒకసారి లెక్క కట్టండి: 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, క్రియాటినిన్‌ను 72తో హెచ్చించగా వచ్చినదానితో భాగించాలి, ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని 0.85తో మళ్లీ హెచ్చించాలి. 70 ఏళ్లు, 50 కిలోలు, 1.4 ఉన్న పెద్దమ్మకు 70 ఇంటూ 50 అంటే 3500. దాన్ని 100.8తో భాగిస్తే దాదాపు 35. 0.85తో హెచ్చిస్తే 30 లోపే. 'కొంచెమే ఎక్కువ' అన్న 1.4 వెనక ఉన్నది ఇంత తక్కువ కిడ్నీ. ఆ అంకె 30కీ 60కీ మధ్య ఉంటే ప్రీగాబాలిన్ మామూలు మోతాదులో సగం, 15కీ 30కీ మధ్య ఉంటే పావు వంతే ఇవ్వాలి. వైరస్ మందుకు కూడా ఇదే జాగ్రత్త. కిడ్నీ జబ్బున్న మనిషి వాలాసైక్లోవిర్ పూర్తి మోతాదు మింగి, లేనిది కనపడుతున్నట్టు మాట్లాడటం మొదలుపెడితే దయ్యమూ కాదు, గాలీ కాదు. మందు ఎక్కువైంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

తూలు గురించి ఇంకో ముక్క. మొదటి వారం రాత్రిళ్లు దొడ్డివైపు లేచేటప్పుడు పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవాళ్లకి సర్పి నొప్పి చిన్నదైపోతుంది. మంచం మీద రెండు నిమిషాలు కూర్చుని లేవడం, లైటు వేసి ఉంచడం, ఆ వారం బండి నడపకపోవడం, మద్యం ముట్టకపోవడం ముఖ్యం. షుగరుకు పియోగ్లిటజోన్ వాడుతుంటే ప్రీగాబాలిన్‌తో కలిసి కాళ్ల వాపు, బరువు పెరుగుతాయి కనుక చెప్పాలి. నొప్పి తగ్గిందని ఒక్క రోజులో ఆపేయకూడదు, కనీసం వారం రోజులు మెల్లగా దింపాలి.

మాత్రలు పడనివాళ్లకి పై పూతలున్నాయి. లిడోకెయిన్ 5 శాతం పట్టీ నొప్పి ఉన్నచోటనే, మానిన చర్మం మీద, 12 గంటలు అంటించి 12 గంటలు తీసేయాలి. ఒకేసారి మూడు పట్టీల దాకా వాడొచ్చు, కత్తెరతో కావాల్సిన ఆకారంలో కత్తిరించుకోవచ్చు. మన ఉక్కలో పట్టీ చెమటకు ఊడొస్తుంది. చర్మం తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, వెంట్రుకలుంటే కత్తెరతో కత్తిరించి (బ్లేడుతో గీయొద్దు) రాత్రి చల్లబడ్డాక అంటిస్తే నిలుస్తుంది.

మిరపకాయల తొడిమలు తీసే కూలి ఆడవాళ్లను అడగండి, సాయంత్రానికి చేతులు ఎలా మండుతాయో. నీళ్లతో కడిగితే పోదు, నూనె రాస్తే కొంచెం నెమ్మదిస్తుంది. ఆ మంట క్యాప్సైసిన్‌ది. అది చర్మంలోని నరం చివర ఉన్న ఒక తలుపును తెరుస్తుంది, వేడి తగిలినా తెరుచుకునేది అదే తలుపు. దాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే క్యాప్సైసిన్ పదేపదే తగిలితే నరం చివర అలసి మొద్దుబారుతుంది. ఈ కిటుకుతోనే 0.075 శాతం క్రీము రోజుకు మూడు నాలుగుసార్లు రాస్తారు. మొదటి వారం రెండు వారాలు మంట ఇంకా పెరుగుతుంది, అక్కడే చాలామంది మానేస్తారు. గ్లవ్స్ వేసుకుని రాయాలి, ఆ చేతిని కంటి దగ్గరికి పోనివ్వకూడదు. ఇది చదివి ఎవరూ ఇంట్లో ఎండుమిర్చి నూరి పూయొద్దు. కొలత లేని కారం చర్మాన్ని కాలుస్తుంది.

ఇవేవీ పనిచేయకపోతే నరానికి మత్తు సూది, ఇతర పద్ధతులు ఉన్నాయి. అవి చేసేవాళ్లు ఎక్కువగా మత్తు డాక్టర్లే. "ఆపరేషన్ లేకుండా మత్తు డాక్టరెందుకు?" అని వెనక్కి తగ్గొద్దు, పెయిన్ క్లినిక్ అని బోర్డు ఉన్నచోట కూర్చునేది సాధారణంగా వాళ్లే. నెల్లూరు వాళ్లు చెన్నైకీ, ఒంగోలు వాళ్లు గుంటూరు, విజయవాడకీ వెళ్లడం అలవాటే కనుక ఇది కొత్త ప్రయాణమేమీ కాదు. వెళ్లేటప్పుడు క్యాలెండరు, పాత స్ట్రిప్పులన్నీ, తాజా క్రియాటినిన్ రిపోర్టు సంచిలో ఉండాలి.

వైరస్ తర్వాత వచ్చే ప్రతి నొప్పీ ఇదే కాదు. 2006లో రాష్ట్రాన్ని ఊపేసిన చికున్‌గున్యా మిగిల్చింది ప్రధానంగా కీళ్ల నొప్పి, దాని దారి వేరు. రెండు అరికాళ్లూ సమానంగా మండుతుంటే ముందు షుగరు, బి12, థైరాయిడు చూడాలి. ఇక జ్వరం తగ్గిన వారం రెండు వారాలకు కాళ్లలో పట్టు తప్పి, ఆ నీరసం రోజురోజుకీ పైకి పాకుతుంటే నరాల బలహీనత అనే మాట నిజంగా సరిపోయేది దానికే. గులియన్ బారే సిండ్రోమ్ అంటారు. ఊపిరి కండరాల దాకా పాకొచ్చు. అప్పుడు బలం సూదికి కాదు, వెంటిలేటరున్న ఆస్పత్రికి ఆ రాత్రే పోవాలి.

రాకుండా చూసుకునే దారి ఒకటుంది. షింగ్రిక్స్ అనే టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. 50 ఏళ్లు దాటినవాళ్లకి రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల ఎడంలో. పరీక్షల్లో 50 దాటినవాళ్లలో 97 శాతం, 70 దాటినవాళ్లలో సుమారు 90 శాతం సర్పిని ఆపింది. ఇందులో బతికున్న వైరస్ లేదు. ఒకటి రెండు రోజులు వేసిన చెయ్యి నొప్పిగా ఉండొచ్చు, జ్వరం రావొచ్చు. సర్పి ఒకసారి వచ్చి తగ్గినవాళ్లు కూడా వేయించుకోవచ్చు. అయితే ఇప్పటికే మిగిలిన మంటకు ఇది మందు కాదు. ఖరీదు వేలల్లో ఉంటుంది, సర్కారు ఉచితంగా ఇచ్చే టీకాల్లో లేదు. పిల్లల పెళ్లిలో ఒక పూట భోజనాల ఖర్చులో ఇదెంత అని తేలిగ్గా అనేయలేను, కూలి మీద బతికే ఇంటికి అది పెద్ద మొత్తమే. అలాంటి ఇంటికి మిగిలేది ఆ 72 గంటలే.

ఆ గంటలు దక్కించుకోవడానికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు చేయగలిగిన పని ఒకటుంది. "పక్కటెముకల కాడ మంటెత్తతా ఉండాదిరా" అని నాన్న ఫోన్లో అంటే, ఆదివారం వచ్చి చూస్తాననొద్దు. "చొక్కా తీసి, ట్యూబులైటు కింద నిలబడి, ముందూ వెనకా రెండు ఫొటోలు తీయించి పెట్టు నాన్నా" అనాలి. ఏమీ లేకపోతే రేపు పొద్దున మళ్లీ రెండు. ఒక పక్కనే, ఎర్రగా, గుంపుగా నీటి పొక్కులు కనపడితే ఆ ఫొటోను అప్పటికప్పుడు డాక్టరుకు పంపి, మాత్రల లెక్క అడిగి, షాపువాడికి ఫోన్లోనే 800 అని రెండుసార్లు చెప్పాలి.